చుక్కల మేస్త్రి గోరు

మా ఆయన్ని అందరూ చుక్కల మేస్త్రి అంటారు. రోడ్డు మీద ఏ లారీ టైరు కిందనుంచో రాయి ఎగిరొచ్చి కారు ముందద్దానికి తగిలితే చిన్న పెచ్చు లేచిపోయి చుక్క పడుతుంది కదా, ఆ చుక్కల్ని మాయం చేయడం ఆయన పని. అద్దం మార్చే పని కాదు, బాగుచేసే పని. "మార్చడానికి మేస్త్రి ఎందుకు, డబ్బుంటే చాలు" అంటాడు. వచ్చిన ప్రతి మనిషితోనూ ఇదే మాట. వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి.

షాపులో ఎడమ సగం ఆయనది, కుడి సగం నాది. నేను కార్లకి సీటు కవర్లు కుడతాను. ఆయన లెక్కలో ఆయనది విద్య, నాది గుడ్డపని. "దీని పని మీద జనం కూర్చుంటారు, నా పనిలోంచి లోకాన్ని చూస్తారు" అని ఒకసారి చుట్టాల ముందు అన్నాడు. అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్ళు వెళ్ళాక ఆ పూటంతా ఆయనతో మాట్లాడలేదనుకోండి, అది వేరే సంగతి.

ఆయన కుడిచేతి చిటికెన వేలికి పొడుగ్గా గోరు ఉండేది. అద్దాన్ని శుభ్రంగా కడిగి తుడిచాక, కళ్ళు మూసుకుని, ఆ గోటిని అద్దం మీద ఈ చివరనుంచి ఆ చివరకి మెల్లగా జార్చేవాడు. ఎక్కడైనా పెచ్చు లేచి ఉంటే గోరు టక్కున ఆగుతుంది. అది బాగయ్యే జబ్బు. అలా కాక అద్దమంతా సన్నగా గరగరమంటే మాత్రం పెదవి విరిచేవాడు. ఏళ్ళ తరబడి ఇసుకా దుమ్మూ కొట్టుకుని అద్దమంతా కంటికి ఆనని గుంటలు పడిపోయిందన్నమాట. దానికి మందు లేదు. ఎండ ఎదురైతే అద్దం మొత్తం తెల్లగా మెరిసిపోయి ముందున్న మనిషి కూడా కనపడడు. మార్చుకోవాల్సిందే.

"కళ్ళు వెలుతురుని బట్టి మాట మారుస్తాయి. గోరు మార్చదు" అనేవాడు. టాక్సీ స్టాండు వాళ్ళకి ఆయన మాటంటే ఎంత గురి అంటే, మేస్త్రి సరేనంటే ఆ అద్దం సరే, వద్దంటే ఇక వద్దు. ఆయనా అంతే, ఒకసారి నోట్లోంచి మాట వచ్చిందంటే వెనక్కి తీసుకోవడం అనేది ఆయన జాతకంలోనే లేదు. మా ఇంట్లో గోడ గడియారం పది నిమిషాలు ముందు నడిచేది. ఎందుకంటే ఒకనాడు నేను అది తప్పంటే, ఆయన అది కరెక్టన్నాడు. అంతే. అప్పటినుంచీ ఇంటిల్లిపాదీ ఆ పది నిమిషాలు మనసులో తీసేసుకుంటూ బతికాం.

అలాంటి మనిషి గోరు ఒకరోజు షాపు షట్టర్ దించుతుంటే అందులో ఇరుక్కుని మొదలంటా విరిగిపోయింది. రక్తమేం రాలేదు. అయినా వేలు పట్టుకుని మెట్ల మీద కూలబడ్డాడు, చెయ్యే పోయినట్టు.

"పెరుగుతుంది లెండి, గోరే కదా" అన్నాను.

"నీకేం తెలుసు" అన్నాడు. ఆ మాట అనకపోతే ఆయనకి అన్నం సహించదు.

గోరు లేదు కాబట్టి అప్పటినుంచీ కళ్ళతో చూడడం మొదలుపెట్టాడు. దగ్గరి చూపు ఆననందువల్ల కళ్ళజోడు ఉంది. తాడు కట్టి ఎప్పుడూ మెడలో వేలాడేసుకుంటాడు, పనికి కూర్చుంటే ముక్కు మీదికి తెచ్చుకుంటాడు. ఇదివరకు అది పక్కవాద్యం, గోరే అసలు పాటగాడు. ఇప్పుడు అంతా కళ్ళజోడే అయింది.

ఇక చూడండి తమాషా. వచ్చిన కారు వచ్చినట్టే పనికిరానిదై కూర్చుంది. పొద్దున ఒక టాక్సీ ఆయన చిన్న చుక్క పూడ్చమని వస్తే, "చుక్క సంగతి తర్వాత, అద్దమంతా గుంటలు, మార్చెయ్" అన్నాడు. మధ్యాహ్నం బ్యాంకు మేనేజరు కారు కూడా అంతే. సాయంత్రం కొత్తగా పెళ్ళైన జంట ఒకటి, పాపం కారు కొని ఏడాది కాలేదు, వాళ్ళనీ బెదరగొట్టి పంపాడు.

"ఊళ్ళో అద్దాలన్నిటికీ ఒక్కసారే మొటిమలు వచ్చాయా ఏం?" అన్నాను కుడుతూనే.

"రోడ్లన్నీ తవ్వి పడేశారు. దుమ్ము పెరిగింది. దుమ్ము పెరిగితే గుంటలు పెరగవా? నీకేం తెలుసు!"

రోడ్ల మీద ఉపన్యాసం అన్నం తినేదాకా సాగింది. తిన్నాక కూడా సాగింది.

వ్యానక్క వచ్చింది ఆ రోజుల్లోనే. బడి పిల్లల్ని వ్యానులో తీసుకెళ్ళి తీసుకొచ్చే మనిషి. నన్ను వదినా అంటుంది, ఆయన్ని అన్నయ్యా అంటుంది. భర్త పోయాక ఆ వ్యాను స్టీరింగు పట్టుకుంది. ఇంటికి అదే ఆధారం. మాటలో చురుకు, నడపడంలో నిదానం. సీట్లకి నేనే కవర్లు కుట్టాను, పిల్లలు ఏం ఒలకబోసినా తుడిస్తే పోయేట్టు మందపాటి రెక్సిన్‌తో.

"అన్నయ్యా, చిన్న చుక్క పడింది. అది పాకకముందే చూసి పెట్టు" అంది.

ఆయన కళ్ళజోడు ముక్కు మీదికి లాక్కుని, అద్దాన్ని ఎండకేసి చూశాడు. ఇటు వంగాడు, అటు వంగాడు. తల అడ్డంగా ఊపాడు.

"చుక్క కాదమ్మా నీ బాధ. అద్దం మొత్తం పోయింది. దీంతో పిల్లల్ని ఎక్కించుకోకు. ఎదురెండలో నీకేం కనపడదు."

"నాకు బానే కనపడుతోంది కదన్నయ్యా!"

"అలవాటైపోయి నీకు తెలీడం లేదు."

సీటు కవర్ల కోసం వచ్చి నా పక్కన కూర్చున్న ఒకావిడ ఈ మాటలన్నీ విన్నది. ఖర్మ కాకపోతే ఆవిడ కూతురు ఎక్కేది కూడా ఆ వ్యానే. ఆవిడ కవర్లు తీసుకుని వెళ్ళిపోయింది. సాయంత్రానికి మాత్రం ఊరంతా కోడై కూసింది. చుక్కల మేస్త్రే వద్దన్నాడట, పిల్లల్ని ఎక్కించుకోవద్దన్నాడట! మర్నాడు వ్యాను సగం ఖాళీగా తిరిగింది. ఆ మర్నాడు ముగ్గురే పిల్లలు.

వ్యానక్క అద్దం మార్చుకుందామని పరుగెత్తింది. తీరా చూస్తే ఆ రకం వ్యాను తయారుచేయడం ఎప్పుడో మానేశారు. అద్దం ఎక్కడా దొరకదు. అద్దం దొరకని వ్యాను దేనికి పనికొస్తుంది? తుక్కు కొనేవాడికి పనికొస్తుంది.

"వదినా, ఇవాళ సాయంత్రం బడి వదిలాక పెద్దవాళ్ళందరూ గేటు దగ్గర కలుసుకుని వేరే వ్యాను మాట్లాడేసుకుంటారట" అని చెప్పడానికి వచ్చింది. ఆయనకేసి చూడలేదు. "నేను ఇంతకాలం ఒక్క పిల్లకి గీత పడనివ్వలేదు. నీకు తెలుసు కదా."

ఆమె వెళ్ళగానే నేను ఆయన మీద విరుచుకుపడ్డాను. "ఇంకోసారి చూస్తే మీ సొమ్మేం పోతుంది?"

"చూసి చెప్పిందే కదా. పిల్లల ప్రాణాలే! మొహమాటానికి సరే అనమంటావా?"

అదీ నిజమే. అందుకే నాకు ఇంకా ఒళ్ళు మండింది.

అంతలో ఆటో ఒకటి వచ్చి ఆగింది. టాక్సీ ఆయన ఈయన మాట నమ్మి కొత్త అద్దం కొనేశాడు. బిగించేముందు మేస్త్రికి చూపించమని గోడౌను మనిషికిచ్చి పంపాడు. నాలుగు మూలలా అట్టముక్కలు, మధ్యలో కంపెనీ కాగితం, అంతా అలాగే ఉంది. ఇద్దరు పట్టి దాన్ని గోడకి ఆనించారు. మా ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. ముఖం మాడ్చుకున్నాడు.

"ఇది పాతది. కడిగి తెచ్చారు."

గోడౌను మనిషి నోరు తెరిచాడు. "మేస్త్రిగారూ! అంటించిన కాగితం కూడా ఇంకా పీకలేదండీ!"

"కాగితం కొత్తదే. అద్దం పాతది. నిండా గుంటలు."

"పెట్టెలోంచి ఇప్పుడే తీశామండీ బాబూ!"

"పెట్టె కూడా కొత్తదే అయ్యుంటుంది."

ఇద్దరూ కొట్టుకునేదాకా వచ్చారు. ఇక నా వల్ల కాలేదు. మిషను ఆపి లేచాను. రెక్సిన్ మడత పెట్టినప్పుడు దాని మీద బొటనవేలి గోటితో గట్టిగా గీసుకుంటూ పోవాలి, అప్పుడే మడత నిలబడుతుంది. పొద్దస్తమానం అదే పని కాబట్టి నా బొటనవేలి గోరు గట్టిది, మొండిది. ఆ గోటిని అద్దం మీద పెట్టి ఒక చివరనుంచి రెండో చివరకి లాగాను. వెన్న మీద జారినట్టు జారింది. మళ్ళీ లాగాను. ఎక్కడా చిన్న గరుకైనా లేదు.

"ఏమండీ, ఆ కళ్ళజోడు ఒకసారి ఇటివ్వండి."

"ఎందుకూ?"

"ఇవ్వండి చెప్తాను."

మెడలోంచి తాడు తీసి ఇచ్చాడు. దాని అద్దం మీద గోరు పెట్టి గీశాను. గరగర. రెండో దాని మీద గీశాను. అదీ గరగర. ఎండలోకి పట్టి చూస్తే అద్దాలు రెండూ పొగమంచు కమ్మినట్టున్నాయి. గోడౌను మనిషి వంగి చూసి, "అమ్మో" అన్నాడు.

అప్పుడు నాకు అంతా కళ్ళకి కట్టింది. చుక్క పూడ్చేముందు అందులో సన్నటి సూదిబరమాతో చిన్న బొక్క పెడతారు. గాజుపొడి లేస్తుంది. చివర్న పాలిష్ పెట్టేటప్పుడు ఇంకో పొడి. ఆ పొడంతా పీల్చుకున్న గుడ్డ ఆయన భుజం మీదే ఉంటుంది. ఆ గుడ్డతోనే కళ్ళజోడు తుడుచుకుంటాడు! వచ్చిన వాళ్ళందరికీ మాత్రం, పొడిగుడ్డతో అద్దం తుడవకండి, నీళ్ళు పోసి కడగండి అని గంటసేపు చెప్తాడు.

మా ఆయన కళ్ళజోడు నా చేతిలోంచి తీసుకుని, బొటనవేలితో దాన్ని రుద్దుతూ నిలబడ్డాడు. గోడౌను మనిషి మర్యాదస్తుడు, నవ్వు ఆపుకుని బయటికి పోయాడు. బయట మాత్రం ఆపుకోలేకపోయాడు, వినిపించింది.

నేను నా మిషను మీద గుడ్డ కప్పాను. "పదండి బడి దగ్గరికి."

"కొత్త కళ్ళజోడు రానీ. చూసి చెప్తాను."

"వచ్చేలోపు వ్యాను తుక్కులోకి పోతుంది."

"గోరైనా కాస్త పెరగనీ."

"ఏమండీ!"

ఆయన మెట్ల మీద కూర్చున్నాడు. గోరు విరిగిననాడు కూర్చున్న చోటే. "ఏమని చెప్పనే?" అన్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "నా దగ్గరున్నది నా మాటొక్కటే. అది కూడా పోతే ఇక నా దగ్గరికి ఎవడొస్తాడు?"

నాకు కోపమంతా దిగిపోయి జాలేసింది. నిజంగా జాలేసింది. పక్కన కూర్చున్నాను. "ఆవిడ దగ్గరున్నది కూడా ఆ వ్యానొక్కటే కదండీ" అన్నాను.

ఆయన లేచి పనిపెట్టె తీసుకున్నాడు.

బడి గేటు దగ్గర జనం గుమిగూడి ఉన్నారు. వ్యానక్క తన వ్యాను తలుపుకి ఆనుకుని, చేతులు కట్టుకుని, ఎటో చూస్తోంది. ఆ ముగ్గురు పిల్లలూ లోపల కూర్చున్నారు. మధ్యలో ఒక తాతగారు, మనవడి కోసం వచ్చేవాడు, రిటైరైన హెడ్మాస్టరు, కొత్త వ్యాను సంగతి మాట్లాడుతున్నాడు. మా ఆయన్ని చూడగానే, "రండి మేస్త్రిగారూ, మీరు చెప్పబట్టి బతికిపోయాం" అన్నాడు.

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఈమధ్య రోడ్లన్నీ తవ్వేశారండీ. దుమ్ము బాగా పెరిగింది..."

వెనకనుంచి నడుం మీద గిల్లాను.

ఉలిక్కిపడ్డాడు. ఇక చెప్పక తప్పదనుకున్నాడేమో, మెడలోంచి కళ్ళజోడు తీసి తాతగారి చేతిలో పెట్టాడు. "ఇది పెట్టుకుని మీ అరచెయ్యి చూసుకోండి."

తాతగారు తన జోడు తీసి ఇది పెట్టుకున్నాడు. "అయ్యో! గీతలేవయ్యా?"

"నేను ఈ వ్యాను అద్దాన్ని చూసింది ఆ జోడులోంచి. గుంటలు ఈ అమ్మ వ్యానుకి లేవు. నా కళ్ళజోడుకి ఉన్నాయి. తప్పు నాది."

ఆ రెండు మాటలూ ఆయన నోట వస్తాయని మా అత్తగారు కూడా అనుకుని ఉండదు. జనం కళ్ళజోడుని చేతులు మార్చుకుంటూ పెట్టుకు చూశారు. ఒకావిడ పెట్టుకుని రెండడుగులు వేసి గోడకి గుద్దుకోబోయింది. అందరూ నవ్వారు. వ్యానక్క నవ్వలేదు. ఆమె కళ్ళు మా ఆయన మీదే ఉన్నాయి.

"మరి ఇప్పుడు ఎలా తెలుస్తుంది, అద్దం బావుందో లేదో?" అన్నాడు తాతగారు. "మీకు గోరు లేదు. జోడు పోయింది."

మా ఆయన వెనక్కి తిరిగాడు. అంతమందిలో, నా కేసి చూసి, "ఏమే, ఇలా రా. నీ గోరు కావాలి" అన్నాడు.

కొంగు దోపుకుని ముందుకొచ్చాను. వ్యానుని గోడ నీడలోకి పెట్టించి అద్దం కడిగించాడు. ఆయన ఎలా చేసేవాడో అలాగే కళ్ళు మూసుకుని గోరు ఆనించాను. పైనుంచి వరస తర్వాత వరస. నున్నగా పోతోంది. కుడి వైపు టక్కున ఆగింది. "ఇదుగో మీ చుక్క" అన్నాను. గుర్తు పెట్టి కిందికి పోయాను. చివరి వరసలో, వైపర్ పడుకునే చోట మళ్ళీ ఆగింది.

"ఇంకోటుందండీ."

"ఎక్కడా? నేను చూడలేదే!" అన్నాడు. అద్దమంతా లేని గుంటలు చూసిన మనిషికి ఉన్న పెచ్చు కనపడలేదు. "దానికి బీట ఉందా? ఎటు పోతోంది?"

"ఉంది. పైకి. బియ్యపు గింజంత."

"ఇది ఎండకీ కుదుపులకీ పాకి ఉంటే అద్దం నిలువునా చీలేది" అని తనలో తనే అనుకుని పెట్టె తెరిచాడు.

ఇక ఆ చేతులు చూడాలి. రబ్బరు కప్పులున్న చట్రాన్ని అద్దానికి అతికించాడు. దాని మధ్య గొట్టాన్ని చుక్క మీదికి తేవాలి. "కుడికి కొంచెం. ఎక్కువైంది. ఆఁ, అక్కడ" అని నేను చెప్తుంటే వేళ్ళతో తడుముకుంటూ సర్దాడు. లోపలి గాలి లాగేసి, తేనెలాంటి గమ్ము పోశాడు. నేను ముఖం దగ్గర పెట్టి చూస్తున్నాను. బీటలోకి గమ్ము పాకుతూ ఉంటే వెండిగీతలా మెరిసేది మెల్లగా కరిగిపోయింది. "నిండింది" అన్నాను. దాని మీద చిన్న ప్లాస్టిక్ ముక్క వేసి నీలం లైటు పెట్టాడు. లోపలినుంచి పిల్లలు ముగ్గురూ అద్దానికి ముక్కులు నొక్కి చూస్తున్నారు. గట్టిపడ్డాక బ్లేడుతో గీకి, పాలిష్ పెట్టి, నాకేసి చెయ్యి చాపాడు. గోటితో గీశాను. జారిపోయింది. రెండోదీ అంతే.

"సరే" అన్నాన్నేను. ఆయన అనాల్సిన మాట అది.

తాతగారు ఇంకా మెత్తబడలేదు. "బావుంది. కానీ రేపు మళ్ళీ మాట మారిస్తే?"

మా ఆయన వ్యాను ఎక్కి ముందు సీట్లో కూర్చున్నాడు. "సూర్యుడు ఎదురుగా ఉన్నాడు. దారంతా ఎదురెండే. నేనూ వస్తాను. ఎక్కాలనుకున్న పెద్దవాళ్ళు ఎక్కండి, అద్దంలోంచి మీరే చూసుకోండి." తర్వాత గొంతు తగ్గించి, "బండి పోనీ అమ్మా, నీ ఇష్టమైతేనే" అన్నాడు వ్యానక్కతో.

వ్యానక్క ఆయన్ని ఒక్క క్షణం చూసింది. "బెల్టు పెట్టుకో అన్నయ్యా" అంది.

తాతగారు మనవడితో సహా ఎక్కాడు. ఆయన ఎక్కాక మిగతావాళ్ళు తమ పిల్లల్ని ఎక్కించారు. నేను పనిపెట్టెతో గేటు దగ్గర మిగిలిపోయాను, నన్ను ఎక్కమన్నవాడు లేడు. ఇంటిదాకా తిట్టుకుంటూ నడిచాను. నవ్వుకుంటూ కూడా నడిచాననుకోండి.

కొన్నాళ్ళు పొద్దునా సాయంత్రం ఆయన ఆ ముందు సీట్లోనే కనపడ్డాడు. పిల్లలు పూర్తిగా తిరిగొచ్చేదాకా దిగనన్నాడు. మధ్యలో టాక్సీ ఆయన ఇంటికీ, బ్యాంకు మేనేజరు ఇంటికీ, ఆ కొత్త జంట ఇంటికీ వెళ్ళి చెప్పాల్సింది చెప్పొచ్చాడు. ఒక ఆదివారం నేను వంటింట్లో ఉండగా కుర్చీ జరిగిన చప్పుడైంది. తొంగి చూస్తే ఆయన కుర్చీ ఎక్కి, గోడ గడియారం ముల్లు వెనక్కి తిప్పుతున్నాడు. నేను చూడనట్టే తిరిగొచ్చేశాను. ఆ వారమంతా అలవాటు కొద్దీ పది నిమిషాలు తీసేసుకుని అన్నిచోట్లకీ ఆలస్యంగా వెళ్ళాం.

కొత్త కళ్ళజోడు వచ్చింది. దాన్ని తుడవడానికి వేరే గుడ్డ నేనే కుట్టిచ్చాను. గోరు కూడా పెరిగింది, మునుపటంత పొడుగు.

మొన్న వ్యానక్క అద్దం చూపించడానికి వచ్చింది. మా ఆయన కడిగాడు, తుడిచాడు, కళ్ళు మూసుకుని తన గోరు ఈ చివరనుంచి ఆ చివరకి జార్చాడు. వ్యానక్క ఆయన నోటికేసి చూస్తూ నిలబడింది, సరే అంటాడా అని. ఆయన అనలేదు.

"ఏమే, ఇలా రా."

"మీ గోరు పెరిగిందిగా?" అన్నాను మిషను మీదనుంచే.

"పెరిగింది. అయినా నువ్వోసారి చూసి చెప్పు. పిల్లలెక్కే బండి."

రెక్సిన్ పక్కన పెట్టి లేచాను.